‘నీకు పెండ్లయిందా బిడ్డా?’: కౌన్సెలర్‌ను క్లయింట్ తూచే తీరు

తెలుగునాట ‘కౌన్సెలింగ్’ అన్న మాట వినగానే చాలామందికి మొదట గుర్తొచ్చేవి రెండే. ఒకటి, ర్యాంకు కార్డు ముందు పెట్టుకుని ఇంజినీరింగ్ సీటు కోసం ఆప్షన్లు నింపడం. రెండోది, పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టి బుద్ధి చెప్పి పంపడం. ‘తాగి బండి నడిపినవారికి కుటుంబ సభ్యుల సమక్షంలో కౌన్సెలింగ్ ఇచ్చారు’, ‘భార్యాభర్తలకు కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు’ అని పత్రికల్లో చదివీ చదివీ, కౌన్సెలింగ్ అంటే పైనున్నవారు కిందివారికి ఇచ్చేది అన్న అర్థం జనంలో స్థిరపడిపోయింది. బి.ఎడ్. పాఠ్యపుస్తకాలు దీనికి ‘మంత్రణం’ అనే మాటను వాడుతూ వచ్చినా, అది తరగతి గది గడప దాటలేదు.

అందువల్ల మనసులోని బాధ చెప్పుకోవడానికి ఒక మనిషి మొదటిసారి లోపలికి అడుగుపెట్టే సరికే, ఎదుట కూర్చున్న వ్యక్తి గురించి కొంత అభిప్రాయం ఏర్పడి ఉంటుంది. ఈమె తిడుతుందా, నీతులు చెబుతుందా, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేస్తుందా అన్న భయాలు ముందే ఉంటాయి. వాటికి కౌన్సెలర్ వయసు, యాస, ఇంటిపేరు, గోడకు తగిలించిన పట్టా, మెడలో మంగళసూత్రం ఉన్నదీ లేనిదీ అన్నీ తలా కాస్త జోడవుతాయి. మాటలు మొదలయ్యాక, తాను చెప్పింది ఎదుటివారికి ఏ మేరకు చేరుతోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కౌన్సెలర్ నేపథ్యం, కౌన్సెలర్ చూపే సహానుభూతి (ఎదుటివారి బాధను వారి వైపు నుంచి గ్రహించడం) అనే ఈ రెండూ క్లయింట్ మనసులో, అంటే సాయం కోరి వచ్చిన మనిషి మనసులో, ఎలా కలుస్తాయి, ఏది ఏ దశలో పనిచేస్తుంది, ఒకటి మరొకదానికి ఎప్పుడు అడ్డు తగులుతుంది అన్న ప్రశ్నల వెంట పరిశోధకులు ఆరు దశాబ్దాలకు పైగా నడుస్తున్నారు.

ఒక సన్నివేశాన్ని ఊహించుకుంటే విషయం దగ్గరగా కనిపిస్తుంది. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన తల్లి, వయసు యాభై. కొడుకు తాగుడుకు బానిసయ్యాడు, కోడలు పుట్టింటికి వెళ్లిపోయింది. ఎదుట ఉన్న కౌన్సెలర్ హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సైకాలజీ చదివి వచ్చిన ఇరవై ఆరేళ్ల అమ్మాయి. ఆ తల్లి చాలాసేపు కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంటుంది. చివరికి నోరు విప్పి అడిగే మొదటి మాట ఇది: ‘నీకు పెండ్లయిందా బిడ్డా?’

శిక్షణలో నేర్చుకున్నదాన్ని అక్షరాలా పాటించే కౌన్సెలర్ అయితే ‘నా సంగతి వదిలేయండమ్మా, మీ గురించి చెప్పండి’ అంటుంది. నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ మన పల్లెల్లో పరిచయం మొదలయ్యేదే ‘ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెంతమంది’ అన్న ప్రశ్నలతో. వాటికి జవాబివ్వకుండా దాటవేయడం మొహం మీద తలుపు వేసినట్టే ఉంటుంది. మరో కౌన్సెలర్ ఇలా అంటుందనుకుందాం: ‘ఇంకా కాలేదమ్మా. పెండ్లి గాని పిల్లకు ఇదంతా ఏం సమజైతదని అనిపిస్తున్నదా?’ ఆ తల్లి తల అడ్డంగా ఊపుతుంది. ‘అట్ల గాదు బిడ్డా. చిన్నపిల్లవు, గియన్నీ ఇంటె పెండ్లంటెనే భయపడ్తవేమో అని.’

ఇక్కడ కౌన్సెలర్ ఊహ తప్పింది. తన అనుభవలేమిని ఆ తల్లి శంకిస్తోందనుకుంది, ఆ తల్లి మాత్రం ఎదుటి పిల్ల గురించి దిగులు పడుతోంది. అయినా తప్పిన ఊహే మాటకు దారి తీసింది, ఎందుకంటే దాన్ని తీర్పులా కాకుండా సరిదిద్దుకునే వీలున్న ప్రశ్నలా ఎదుట పెట్టింది. సహానుభూతి గురించిన సిద్ధాంతాల్లో చాలా భాగం ఈ చిన్న మార్పిడిలోనే ఇమిడి ఉంది.

క్లయింట్ దృష్టిలో కౌన్సెలర్ ఎలా కనిపిస్తారన్న దాన్ని విడిగా అధ్యయనం చేయవలసిన అంశంగా ముందుకు తెచ్చినవారిలో అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ స్ట్రాంగ్ ముఖ్యుడు. కౌన్సెలింగ్ అనేది ఒక మనిషి మరొక మనిషిపై ప్రభావం చూపే ప్రక్రియ అని ఆయన 1968లో వాదించాడు. కౌన్సెలర్‌కు నైపుణ్యం ఉందని, తనకు దగ్గరి మనిషిలా ఉన్నారని, నమ్మదగినవారని క్లయింట్‌కు అనిపించినప్పుడే ఆ ప్రభావం సాధ్యమవుతుందని ఆయన ప్రతిపాదన. 1975లో బరాక్, లాక్రాస్ ఈ మూడింటినీ కొలవడానికి 36 విశేషణాల జంటలతో ఒక కొలబద్ద తయారు చేశారు. 1983లో కారిగన్, ష్మిట్ దాన్ని 12 అంశాలకు కుదించారు. ఈ కొలబద్దలతో విస్తృతంగా పరిశోధన జరిగింది కానీ, అందులో పెద్ద భాగం కళాశాల విద్యార్థులకు టేపులు వినిపించి, వీడియోలు చూపించి సేకరించిన అభిప్రాయాలే. నిజంగా బాధలో ఉండి వచ్చిన మనిషి చూసే చూపుకు, మార్కుల కోసమో కుతూహలంతోనో టేపు విన్న విద్యార్థి చూపుకు ఉన్న దూరం తక్కువేమీ కాదు.

మన పరిస్థితికి ఇంతకంటే బాగా సరిపోయే ఆలోచన 1987లో స్టాన్లీ సూ, నోలన్ జేన్ రాసిన వ్యాసంలో ఉంది. సూ అంతకు పదేళ్ల ముందే, 1977లో, సియాటిల్ ప్రాంతంలోని 17 మానసిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన దాదాపు 14,000 మంది వివరాలు పరిశీలించాడు. మొదటి సెషన్ తరువాత మళ్లీ రానివారు శ్వేతజాతీయుల్లో సుమారు 30 శాతం ఉంటే, మైనారిటీ వర్గాల్లో దాదాపు సగం. ఒక్కసారి వచ్చి చూసి సగం మంది వెనుదిరిగారంటే, ఆ ఒక్క గంటలో ఏం జరిగిందన్న ప్రశ్న సూను వదలలేదు. సూ, జేన్ చెప్పిన జవాబులో విశ్వసనీయత రెండు రకాలు. ఒకటి ఆపాదించబడేది: వయసు, లింగం, చదువు, హోదా చూసి సమాజం ముందే కట్టబెట్టే గౌరవం. రెండోది సంపాదించుకునేది: గదిలో కౌన్సెలర్ ఏం చేశారన్న దాన్నిబట్టి క్లయింట్ ఇచ్చేది. మొదటిది తక్కువైతే మనిషి అసలు రాడు. రెండోది తక్కువైతే వచ్చినవాడు మళ్లీ రాడు. దీనికి తోడు, మొదటి కలయికలోనే క్లయింట్ చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలని కూడా వారు రాశారు. అది కాస్త ఊరట కావచ్చు, తన పరిస్థితి గురించి ఒక స్పష్టత కావచ్చు, ‘ఇది నీ ఒక్కడికే వచ్చిన కష్టం కాదు’ అన్న ధైర్యం కావచ్చు. ఇంటికి వచ్చినవారిని ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదనుకునే మనకు ఈ మాట విడమరచి చెప్పవలసిన పని లేదు.

సంపాదించుకునే విశ్వసనీయతలో పెద్ద వాటా సహానుభూతిదే. తెలుగులో ఈ మాటతో ఒక చిక్కు ఉంది. ‘సానుభూతి’కీ ‘సహానుభూతి’కీ మధ్య తేడా ఒక్క అక్షరమే కావడంతో వాడుకలో రెండూ కలిసిపోతాయి. సానుభూతిలో ‘అయ్యో పాపం’ ఉంటుంది, అది కాస్త ఎత్తు మీద నిలబడి కిందికి చూస్తుంది. మరో పక్క కావ్యశాస్త్రం నుంచి వచ్చిన ‘తాదాత్మ్యం’ ఉంది, అందులో చూసేవాడు చూడబడేవానితో ఒకటైపోతాడు. కౌన్సెలింగ్‌లో చెప్పే సహానుభూతి ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంది. జర్మన్ సౌందర్యశాస్త్రంలోని ‘ఐన్‌ఫ్యూలుంగ్’ అనే మాటకు సమానంగా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ టిచెనర్ 1909లో ‘ఎంపథీ’ అనే ఇంగ్లిష్ పదాన్ని తెచ్చాడు. దాన్ని కౌన్సెలింగ్‌కు గుండెకాయగా చేసినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్. ఎదుటివారి లోపలి ప్రపంచాన్ని తనదే అయినట్టుగా గ్రహించడం, అయితే ఆ ‘అయినట్టుగా’ అన్న ఎరుకను ఎన్నడూ పోగొట్టుకోకపోవడం అని ఆయన నిర్వచనం సారాంశం. ఆ ఎరుక పోతే తల్లి ఏడుస్తుంటే కౌన్సెలర్ కూడా ఏడుస్తూ కూర్చోవలసి వస్తుంది, అప్పుడు ఆ తల్లి తన బాధ మానుకుని కౌన్సెలర్‌ను ఓదార్చడం మొదలుపెడుతుంది.

రోజర్స్ 1957లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, మనిషిలో మార్పు రావడానికి కావలసిన ఆరు షరతులను చెప్పాడు. అందరికీ గుర్తుండేవి మూడే: నిజాయితీ, షరతుల్లేని ఆదరణ, సహానుభూతి. నిజానికి మన చర్చకు సంబంధించినంతవరకు అసలు కీలకం ఆరో షరతు. కౌన్సెలర్‌కు ఎంత సహానుభూతి ఉన్నా, అది కనీస స్థాయిలోనైనా క్లయింట్‌కు అంది, క్లయింట్ దాన్ని గుర్తించి ఉండాలి. ఆయన విద్యార్థి గాడ్‌ఫ్రీ బారెట్-లెనార్డ్ 1962లో ఈ సంబంధాన్ని క్లయింట్ వైపు నుంచి కొలిచే ప్రశ్నావళిని ప్రచురించాడు. 1981లో సహానుభూతిని మూడు దశల వలయంగా వివరించాడు. కౌన్సెలర్ లోపల స్పందన కలగడం మొదటిది, ఆ స్పందన మాటలోనో చూపులోనో బయటికి రావడం రెండోది, అది తనకు చేరినట్టు క్లయింట్‌కు అనిపించడం మూడోది. మొదటి దశలో ఎంత నిండుగా ఉన్నా మూడో దశకు చేరేసరికి ఏమీ మిగలకపోవచ్చు.

తరువాతి పరిశోధన రోజర్స్ పట్టుదలను సమర్థించింది. రాబర్ట్ ఎలియట్, ఆయన సహచరులు 2018లో 82 స్వతంత్ర నమూనాలను, 6,138 మంది క్లయింట్లను ఒకచోట చేర్చి చూసినప్పుడు, సహానుభూతికీ చికిత్స ఫలితానికీ మధ్య 0.28 సహసంబంధం తేలింది (సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే సంపూర్ణ సంబంధమని). అంకె చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మనిషికీ మనిషికీ మధ్య జరిగే ఇలాంటి పనిలో అది ఓ మోస్తరు బలమున్న సంబంధమే. అంతకంటే ఆసక్తికరమైన సంగతి, ఎవరు కొలిచిన సహానుభూతి ఫలితాన్ని బాగా సూచించిందన్నది. క్లయింట్లు ఇచ్చిన అంచనా, కౌన్సెలర్లు తమకు తాము ఇచ్చుకున్న అంచనా కంటే నమ్మదగినదిగా తేలింది. ‘నేను బాగా అర్థం చేసుకున్నాను’ అన్న కౌన్సెలర్ మాటకు, ‘నన్ను అర్థం చేసుకున్నారు’ అన్న క్లయింట్ మాటకు ఉన్న విలువ లేదన్నమాట.

తాగుడు విషయంలో ఇది మరింత తీవ్రంగా కనిపించింది. న్యూ మెక్సికోలో విలియం మిల్లర్ బృందం 1980లో ప్రచురించిన అధ్యయనంలో తొమ్మిది మంది కౌన్సెలర్లు ఒకే పద్ధతిలో శిక్షణ పొంది, అతిగా తాగేవారితో పనిచేశారు. ఎవరి సహానుభూతి ఎంతో వేరేవారు గమనించి వరుస కట్టారు. ఆరు నుంచి ఎనిమిది నెలల తరువాత క్లయింట్ల తాగుడులో కనిపించిన తేడాల్లో మూడింట రెండు వంతులను ఆ వరుసే వివరించగలిగింది. నమూనా చిన్నది కాబట్టి ఆ అంకెనే శాసనంగా తీసుకోకూడదు. అయినా మిల్లర్‌ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి: స్వయంసహాయక పుస్తకం ఒకటి చేతికిచ్చి ఇంటికి పంపిన వారికంటే, సహానుభూతి కొరవడిన కౌన్సెలర్ల దగ్గర కూర్చున్నవారి పరిస్థితి అధ్వానంగా ఉంది. అర్థం చేసుకోని మనిషి ఎదుట కూర్చోవడం ఖాళీ కాలక్షేపం అనుకోవడానికి లేదు, అది హాని చేస్తుంది. ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపే’ మన వ్యవస్థలు ఈ ఒక్క సంగతినైనా పట్టించుకోవడం అవసరం.

ఇక నేపథ్యం సంగతి. తనలాంటి మనిషే కౌన్సెలర్‌గా కావాలని క్లయింట్లు కోరుకుంటారా, కోరుకున్నది దొరికితే మేలు జరుగుతుందా అన్నది రెండు వేర్వేరు ప్రశ్నలని కాబ్రల్, స్మిత్ 2011లో చేసిన విశ్లేషణ చూపించింది. జాతి, సముదాయం కలిసిన కౌన్సెలర్ కావాలన్న కోరిక బలం 0.63 (ఇది సహసంబంధం కాదు, తేడా ఎంత పెద్దదో చూపే వేరే కొలమానం), అంటే చెప్పుకోదగినంత ఎక్కువ. అలాంటి కౌన్సెలర్ దొరికినప్పుడు వారిని మరింత మెరుగ్గా చూసే ధోరణి 0.32, అంటే సగానికి పడిపోయింది. చికిత్స ఫలితంలో వచ్చిన తేడా 0.09, దాదాపు శూన్యం. ఇవన్నీ ప్రధానంగా అమెరికా అధ్యయనాలే. అక్కడి జాతి వ్యవహారాన్ని ఇక్కడి కులానికి, మతానికి నేరుగా అన్వయించడం పొరపాటు. కానీ గడప దగ్గర బలంగా పనిచేసే నేపథ్యం లోపలికి వెళ్లేకొద్దీ పలచబడుతుందన్న క్రమం గమనించదగినది. డోనాల్డ్ అట్కిన్సన్, ఆయన సహచరులు 1980లలో విద్యార్థుల ఇష్టాయిష్టాలను జంటలుగా పోల్చి అడిగినప్పుడు కూడా, కౌన్సెలర్ జాతి కంటే తమ ఆలోచనలకు దగ్గరగా ఉండటం, ఎక్కువ చదువుకుని ఉండటం, వయసులో పెద్దవారు కావడం పై వరుసల్లో నిలిచాయి.

తెలుగు సమాజంలో నేపథ్యాన్ని చదివే పద్ధతి మరీ సూక్ష్మంగా ఉంటుంది. ఇంటిపేరు చెప్పగానే కులం, జిల్లా అంచనాకు వచ్చేస్తాయి. ఇంటిపేరు దాచినా యాస దాగదు. ‘ఎందుకు’ అన్నారా, ‘ఎందుకని’ అన్నారా, ‘ఎందుకు గట్ల’ అన్నారా అన్న దాన్నిబట్టి మనిషి ఏ నేల మీద పెరిగాడో తెలిసిపోతుంది. 14416 నంబరుతో 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వంటి ఫోన్ సేవల్లో ముఖం, బట్టలు, పట్టా ఏవీ కనబడవు కాబట్టి, నేపథ్యమంతా గొంతులోకి, యాసలోకి, ‘నువ్వు’ అంటున్నారా ‘మీరు’ అంటున్నారా అన్న సంబోధనలోకి కుదించుకుపోతుంది. పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ని ‘మీరు’ అంటే దూరం పెట్టినట్టు అనిపించవచ్చు. ‘నువ్వు’ అంటే మరో లెక్చరర్ గద్దిస్తున్నట్టు అనిపించవచ్చు. ఇందులో ముందే ఖాయం చేసుకోగలిగిన నియమం లేదు. ‘నిన్ను ఎలా పిలవమంటావు?’ అని అడగడమే మంచిదని ఈ వ్యాసం అభిప్రాయం.

కులం దగ్గర మాత్రం నిదానించాలి. రిజర్వేషన్ మీద సీటు వచ్చిన విద్యార్థి హాస్టల్‌లో తనను ఎలా చూస్తున్నారో చెప్పుకున్నప్పుడు, ‘నువ్వే ఎక్కువగా ఆలోచిస్తున్నావేమో’ అని కౌన్సెలర్ నోటి నుంచి ఒక్క మాట జారితే చాలు, అంతవరకు సంపాదించుకున్నదంతా కరిగిపోతుంది. అలా అన్న కౌన్సెలర్ దురుద్దేశంతో అని ఉండకపోవచ్చు. ఆమె పెరిగిన ఇంట్లో కులం గురించి మాట్లాడవలసిన అగత్యం ఎప్పుడూ రాకపోయి ఉండవచ్చు, అలా అగత్యం రాకపోవడమే ఆమె నేపథ్యం. క్లయింట్‌కు అది వెంటనే కనబడుతుంది, కౌన్సెలర్‌కు కనబడదు. నేపథ్యం అంటే క్లయింట్‌కు ఉండేదని, తనది మాత్రం మామూలు జీవితమని కౌన్సెలర్ అనుకున్నంత కాలం సహానుభూతి మొదటి దశలోనే దారి తప్పుతుంది. ఇలాంటి సందర్భాల్లో అదే సముదాయం నుంచి వచ్చిన కౌన్సెలర్‌ను కోరుకోవడం సంకుచితత్వం ఎంతమాత్రం కాదు. తన అనుభవం నిజమేనని మొదట రుజువు చేసుకోవలసిన బరువు తప్పుతుందన్న ఆశ అది.

అయితే ఒకే నేపథ్యం సహానుభూతికి హామీ అనుకోవడానికి కూడా లేదు. తాగుడు, మాదకద్రవ్యాల చికిత్సలో ఈ చర్చ చాలా పాతది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం మొదలైన నాటి నుంచి, ‘అనుభవించినవాడికే తెలుస్తుంది’ అన్న నమ్మకం ఆ రంగంలో బలంగా ఉంది. తాగుడు నుంచి బయటపడి కౌన్సెలర్లయినవారిని, ఆ అనుభవం లేనివారిని పోల్చిన అధ్యయనాలను జాన్ కల్‌బ్రెత్ 2000లో సమీక్షించినప్పుడు, చికిత్స ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

ఎందుకు కనబడలేదో కొంతవరకు వివరించే ప్రయోగాలు 2015లో రేచల్ రటన్, మేరీ-హంటర్ మెక్‌డొనెల్, లోరన్ నార్డ్‌గ్రెన్ ప్రచురించారు. ఒక కష్టాన్ని తట్టుకుని గట్టెక్కినవారు, అదే కష్టంలో ఉండి తట్టుకోలేకపోతున్నవారిపై, ఆ కష్టం ఎరగనివారికంటే తక్కువ కరుణ చూపారు. గడిచిపోయిన బాధ తీవ్రత మనిషికి పూర్తిగా జ్ఞాపకం ఉండదు. గట్టెక్కానన్నది మాత్రం బాగా గుర్తుంటుంది. ‘నేను పడలేదా, నువ్వెందుకు పడలేవు?’ అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. అత్తారింట్లో కష్టాలు పడిన అత్త కోడలి విషయంలో అన్నప్పుడు, ర్యాగింగ్ భరించిన సీనియర్ జూనియర్‌తో అన్నప్పుడు మనం వినే మాటే ఇది. చిత్రమేమిటంటే, ఎవరి దగ్గరికి వెళితే ఎక్కువ ఆదరణ దొరుకుతుందని అడిగినప్పుడు జనం అనుభవించినవారినే చూపించారు. అంటే నేపథ్యం చూసి క్లయింట్ పెట్టుకునే ఆశ, ఆ నేపథ్యం నుంచి అందే ఆదరణ ఒకదానికొకటి ఎదురు దిశల్లో నడిచే ప్రమాదం ఉంది.

దీనికి తోడు మరో ప్రమాదం, తెలిసిపోయిందనుకోవడం. అదే ఊరు, అదే కులం, అదే ఇంటర్ కాలేజీ హాస్టల్ అయినప్పుడు, క్లయింట్ ఒక వాక్యం మొదలుపెట్టగానే మిగతా వాక్యాన్ని కౌన్సెలర్ తనలోనే పూర్తి చేసుకుంటారు. ‘అవును, మా ఇంట్లోనూ అంతే’ అన్న మాట మొదటిసారి ఊరటగా ఉంటుంది. మూడోసారికి సంభాషణ కౌన్సెలర్ ఇంటి గురించి అయిపోతుంది. ఇక్కడ అనుభవజ్ఞులకు ప్రత్యేక రక్షణ ఉందనుకోవడానికీ ఆధారం లేదు. సైమన్ గోల్డ్‌బర్గ్ బృందం 2016లో 170 మంది చికిత్సకుల దగ్గరికి వచ్చిన 6,591 మంది ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలిస్తే, అనుభవం పెరిగేకొద్దీ ఫలితాలు సగటున మెరుగుపడకపోగా అతి స్వల్పంగా తగ్గాయి. గోడ మీది పట్టా, ‘ఇరవై ఏళ్ల అనుభవం’ అన్న బోర్డు క్లయింట్‌ను గడప దాటించే పని బాగానే చేస్తాయి. ఆ తరువాతి పని వాటి వల్ల అయ్యేది కాదు.

అలాగని నేపథ్యం పైపై అలంకారమని తీసిపారేయలేం. జింబాబ్వే మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారేలో ప్రారంభించిన ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ కథ దీనికి మంచి ఉదాహరణ. డాక్టర్లు లేని చోట ఆయన పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్లల మీద కూర్చోబెట్టాడు. మొదట దానికి ‘మానసిక ఆరోగ్య బల్ల’ అని పేరు పెడితే ఎవరూ దగ్గరికి రాలేదు. స్నేహ బల్ల అనమని సూచించింది ఆ అవ్వలే. ‘డిప్రెషన్’ అనే మాటకు బదులు వారు షోనా భాషలోని ‘కుఫుంగిసిస’ అన్న మాట వాడారు, దానికి అర్థం అతిగా ఆలోచించడం. ‘ఒకటే ఆలోచన, బుర్ర తిరిగిపోతోంది’ అని మన ఆడవాళ్లు చెప్పుకునే బాధకు అది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. 24 క్లినిక్‌లలో 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అవ్వల దగ్గర కూర్చున్నవారి లక్షణాలు మామూలు సేవలు పొందినవారికంటే స్పష్టంగా తగ్గాయి. ఆ అవ్వల వయసు, ఊళ్లో వారికున్న మర్యాద ఆపాదిత విశ్వసనీయతను ఇచ్చాయి. సమస్యను విడదీసి చూసే పద్ధతిలో వారికి దొరికిన శిక్షణ, బల్ల మీద కూర్చున్న మనిషి మాట పూర్తయ్యేదాకా వినే ఓపిక మిగతాది సంపాదించాయి. గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వైద్య పట్టాలు లేని స్థానిక కౌన్సెలర్లతో తీవ్రమైన కుంగుబాటుకు చికిత్స చేయించి, 2017లో ప్రచురించిన ఫలితాలు కూడా ఇదే దారిని చూపాయి. స్థానికత, శిక్షణ, పర్యవేక్షణ మూడూ కలిస్తే పట్టా లేని లోటు పెద్దగా కనబడలేదు.

భారతీయ క్లయింట్ల విషయంలో ఇంకొక మెలిక ఉంది. మానసిక వైద్యుడు జె.ఎస్. నేకీ 1973లో గురుశిష్య సంబంధాన్ని చికిత్సా సంబంధానికి ఒక నమూనాగా ప్రతిపాదించాడు. పాశ్చాత్య పద్ధతిలో కౌన్సెలర్ తటస్థంగా ఉండి, నిర్ణయం క్లయింట్‌కే వదిలేయడం ఇక్కడివారికి నిర్లక్ష్యంలా అనిపించవచ్చని, మార్గం చూపే పెద్దదిక్కునే వారు ఆశిస్తారని ఆయన వాదన. తెలుగు కుటుంబాల్లో ‘ఏం చేయమంటారో మీరే చెప్పండి’ అన్న మాట వినని కౌన్సెలర్ ఉండరు. అప్పుడు ‘మీకేమనిపిస్తోంది?’ అని తిప్పి అడిగితే అది సహానుభూతిలా చేరదు, తప్పించుకుంటున్నట్టు చేరుతుంది. సలహా ఇచ్చేస్తే మాత్రం పోలీసు స్టేషన్ కౌన్సెలింగ్‌కు దగ్గరవుతుంది. ఈ ఇరకాటం నుంచి బయటపడే సులువైన సూత్రం లేదు గానీ, ‘చెప్తానమ్మా, దానికి ముందు ఈ ఒక్కటి నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి’ అన్న మాట గురువు స్థానాన్ని వదులుకోకుండానే వినడానికి చోటిస్తుంది. రోజర్స్ కూడా తన జీవితం చివర్లో, 1986లో, తన పద్ధతికి ‘భావాలను ప్రతిబింబించడం’ అన్న పేరు అంటగట్టడంపై అసంతృప్తి చెప్పాడు. తాను చేసేది ఎదుటివారి మాటను అద్దంలా తిప్పి చూపడం కాదని, తన అవగాహన సరైనదేనా అని వారినే అడిగి సరిచూసుకోవడమని రాశాడు.

విదేశాల్లోని తెలుగువారి దగ్గర నేపథ్యం రెండు వైపులా పదునుగా ఉంటుంది. గ్రైనర్, స్మిత్ 2006లో 76 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఇంగ్లిష్ మాతృభాష కాని క్లయింట్లకు వారి సొంత భాషలో అందిన సేవలు ఇంగ్లిష్‌లో అందినవాటికంటే రెట్టింపు ఫలితమిచ్చాయి. అత్తగారు అన్న మాటను ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పేటప్పుడు ఆ మాటలోని ములుకు ఊడిపోతుందని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కోడలికి తెలుసు. అదే కోడలు తెలుగు కౌన్సెలర్ పేరు చూసి వెనక్కి తగ్గవచ్చు కూడా. వారాంతపు సంక్రాంతి సంబరాల్లో ఆ కౌన్సెలర్ ఎదురైతే, ‘వీరు మా ఊరివారే’ అని ఎవరైనా పరిచయం చేస్తే ఎలా అన్న భయం తీసివేయదగినది కాదు. అలాంటి క్లయింట్‌కు అపరిచితురాలైన అమెరికన్ కౌన్సెలరే సురక్షితంగా కనిపిస్తుంది. ఆమెకు గోత్రాల గురించి, ఆడపడుచు కట్నాల గురించి మొదటి నుంచీ వివరించవలసి వచ్చినా సరే. గోప్యత గురించి మొదటి పది నిమిషాల్లోనే, స్పష్టమైన తెలుగులో, ‘బయట ఎదురైతే మీరు పలకరిస్తేనే నేను పలకరిస్తాను’ అన్నంత నిర్దిష్టంగా చెప్పగలిగిన తెలుగు కౌన్సెలర్‌కు మాత్రం ఈ రెండు అవకాశాలూ కలిసివస్తాయి.

కౌన్సెలర్ గురించి క్లయింట్ ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం ఎలా? స్కాట్ మిల్లర్, బారీ డంకన్ తదితరులు తయారు చేసిన సెషన్ రేటింగ్ స్కేల్‌లో పది సెంటీమీటర్ల గీతలు నాలుగు ఉంటాయి. ప్రతి సెషన్ చివర క్లయింట్ వాటి మీద గుర్తు పెడతారు. మొత్తం 40కి 36 కంటే తగ్గితే కౌన్సెలర్ ఆగి మాట్లాడాలి. పద్ధతి మంచిదే, నిమిషంలో అయిపోతుంది. కానీ మన దగ్గర ఎదుట కూర్చున్న మేడమ్‌కు తక్కువ మార్కులు వేయడం మర్యాద తప్పినట్టు కాబట్టి గుర్తులన్నీ కుడి చివరకే పడతాయి. ‘ఎలా అనిపించింది?’ అని నోటితో అడిగినా ‘బాగుందండీ’ అన్న ఒక్క జవాబే వస్తుంది. తన మాటలు సాంతం విన్న కౌన్సెలర్‌ను కూడా క్లయింట్లు ‘మంచిగ చెప్పిండ్రు’ అనే మెచ్చుకుంటారు. వినడాన్ని మెచ్చుకునే మాట వాడుకలో దొరక్క, చెప్పడాన్ని మెచ్చుకునే మాటతో సరిపెట్టుకుంటారు. అందుకే ప్రశ్నను తిప్పి అడగాలి. కౌన్సెలర్‌కు మార్కులు వేయమని కాకుండా, కౌన్సెలర్ తప్పును దిద్దమని అడిగితే పెద్దవారికి అది మర్యాద తప్పడంలా ఉండదు, చిన్నవారికి సాయం చేయడంలా ఉంటుంది.

ఆ కరీంనగర్ తల్లి లేచి చెప్పులు వేసుకుంటున్నప్పుడు, ‘ఈ గంటల నేను తప్పుగ సమజు చేసుకున్నది ఏమన్న ఉన్నదా అమ్మా?’ అని ఆ పెండ్లి కాని పిల్ల అడిగిందనుకుందాం. తల్లి ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా ఆగుతుంది. ‘ఒక్కటి బిడ్డా. కోడల్ని కొట్టిండు, అందుకే పోయింది అంటివి గదా. పిల్ల అందుకు పోలే. వాడు నన్ను కొడుతుంటె చూడలేక పోయింది.’